తాళాల మాట

వకీలమ్మకి నోట మాట పడిపోవడం జీవితంలో రెండుసార్లు జరిగింది. మొదటిసారి ముప్ఫై తొమ్మిదో ఏట, డాక్టరు ఆర్డరు మీద. రెండోసారి యాభై నాలుగో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం, నాటకాల హాలు వరండాలో, జనం చప్పట్లు కొట్టి ఇళ్లకి వెళ్లిపోతున్న వేళ.

మొదటిదాని పుణ్యమా అని ఆవిడకి బొమ్మలు వేయడం అబ్బింది. కోర్టులో పదిహేనేళ్లు అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయని, ఆరు వారాలు గుసగుసగా కూడా మాట్లాడొద్దని డాక్టరు చెప్పాడు. మాట్లాడని వకీలంటే మోగని గంటే. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని, గోడలకి వేయించగా మిగిలిన రంగుల డబ్బాలు బయటికి తీసి, మేడ మీది గదిలో ఒక పాత తలుపు చెక్కకి పూయడం మొదలుపెట్టింది. చెట్టూ కాదు, పిట్టా కాదు, మనిషీ కాదు. కింద బూడిద రంగు, దాని మీదికి ఎగబాకుతున్న ఎరుపు, అంతే. ఆవిడ భర్త హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. టీ పట్టుకుని పైకొచ్చి, చాలాసేపు తేరిపార చూసి, "తలకిందులుగా పెట్టావేమో, ఒకసారి తిప్పి చూసుకో" అన్నాడు. నవ్వడం కూడా డాక్టరు వద్దన్నాడు గనక ఆవిడ కడుపు పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. గొంతు బాగుపడింది గానీ రంగుల పిచ్చి వదల్లేదు.

నాటకాల పిచ్చి అంతకు ముందునుంచే ఉంది. అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య వచ్చే ఇళ్ల పంపకాల దావాలు ఆవిడకి కొట్టిన పిండి. బోనులో నిలబడ్డ మనిషి అబద్ధం చెప్పబోయే ముందు ఒక్క లిప్తపాటు ఆగుతాడని, నాటకమంతా ఆ ఆగడంలోనే ఉందని ఆవిడ అనేది. తెల్లవారి అయిదున్నరకి లేచి, ఏడున్నర దాకా వంటింటి బల్ల దగ్గర నాటకం రాసేది. పది నుంచి అయిదు దాకా కోర్టు. సాయంత్రం ముందుగదిలో క్లయింట్లు. ఆదివారం పొద్దున మేడ మీద రంగులు. "ఉన్నవి రెండు కాళ్లు, ఎక్కేవి మూడు పడవలు, ఎలాగమ్మా?" అని గుమస్తా గొణుక్కునేవాడు. ఆయన ఇరవై ఆరేళ్లుగా ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఒకసారి అర్జీ చివర ఆవిడ సంతకం పక్కనే నీలిరంగు వేలిముద్ర పడితే, జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, ఇది మీ క్లయింటు నిశానీయా, మీదా అని అడిగారు. కోర్టు హాలంతా నవ్వింది. గుమస్తా మాత్రం నెల్లాళ్లపాటు కాగితాలు ఆవిడ చేతికి ఇచ్చే ముందు చేతులు చూపించమనేవాడు.

ఆవిడ రాసిన నాలుగో నాటకం ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. ఒకే ఇంటిని గోడ కట్టి రెండు చేసుకుని, చెరోవైపు బతుకుతుంటారు. రెండో అంకంలో వేదిక వెనక బీరువా తలుపు కిర్రుమంటుంది. చెల్లెలు ముందుకొచ్చి, జనం వైపు తిరిగి అంటుంది: "అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. తాళాలెక్కడున్నాయా అని వెతికాను."

అక్కడ హాలు హాలంతా ఊపిరి బిగబట్టేది. పత్రికలో రాసినాయన ఆ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేయించాడు. ఆ వాక్యం పుట్టిన పొద్దు ఆవిడకి బాగా గుర్తు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు. ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు వచ్చింది మాట, కొట్టివేత లేకుండా. ఆ రోజంతా కోర్టులో ఆవిడ నడక నేల మీద లేదు. పాతికేళ్లు రాశాక, ఇవాళ్టికి నేను రచయిత్రినయ్యానని మాస్టారితో చెప్పుకుంది. మాడిన పాలగిన్నె తోముతూ ఆయన ఒప్పుకున్నాడు.

పంతొమ్మిదో ఆట ఆదివారం మధ్యాహ్నం పడింది. ఆట అయ్యాక ఆవిడ వరండాలో, తన బొమ్మే వేలాడదీసిన గోడ దగ్గర నిలబడి ఉంది. జనం పలచబడ్డాక, తల పూర్తిగా నెరిసిన ఒక ఆడమనిషి దగ్గరికొచ్చింది. చేతిలో చింపిన టికెట్టు ముక్క మడతలు మడతలుగా నలిగిపోయి ఉంది.

"రాసింది మీరేనా?"

వకీలమ్మ అవునంది. మెచ్చుకోళ్లు వినడానికి అలవాటు పడ్డ చిరునవ్వు అప్పటికే మొహం మీదికి వచ్చేసింది.

"ఆ తాళాల మాట మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదని, అంతా కల్పనేనని వకీలమ్మ చెప్పింది. గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. ఆ క్షణానికి అది నిజమే.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆవేళ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేను అమ్మ ఒళ్లు తడిగుడ్డతో తుడుస్తున్నాను. పక్కగదిలో బీరువా తలుపు చప్పుడైంది. ఏంటే అది అని అడిగితే, నీ భ్రమ అక్కా అంది. పదమూడేళ్లు నేను భ్రమే అనుకున్నాను." గొంతు పెంచకుండానే అంది: "మీరు నన్ను గుర్తుపట్టలేదు కదూ. అప్పట్లో నా జుట్టు నల్లగా ఉండేది. రెండు రోజులు నన్ను బోనులో నిలబెట్టి ప్రశ్నలడిగారు."

వకీలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. చిరునవ్వు మొహం మీద అలాగే ఉండిపోయిందని, దాన్ని తీసేయడం చేతకాలేదని తర్వాత ఆవిడే చెప్పింది. ఆమె టికెట్టు ముక్కని కిటికీ గట్టు మీద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది. దీపాలు ఆర్పడానికొచ్చిన మనిషి రెండుసార్లు పిలిస్తే గానీ వకీలమ్మ కదల్లేదు.

ఆ కేసు ఆవిడకి లీలగా గుర్తుకొచ్చింది. తల్లి పోయాక ఇంటికోసం అక్కాచెల్లెళ్లు కోర్టుకెక్కారు. చెల్లెలు టైలరు, తల్లితోపాటు ఆ ఇంట్లోనే ఉండి కుట్టుపని చేసుకునేది. వకీలమ్మ ఆమె తరఫున నిలబడింది. దావా తెగేలా లేకపోతే ఇద్దర్నీ తన గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, ముందు భాగం చెల్లెలికీ వెనక భాగం అక్కకీ వచ్చేలా రాజీ కుదిర్చింది. కోర్టు వరండాలో అక్కాచెల్లెళ్లు ఒకర్నొకరు కావలించుకుని ఏడిస్తే, గుమస్తా కూడా ముక్కు తుడుచుకున్నాడు. తన మొత్తం ప్రాక్టీసులో నాలుగు మంచి పనులు లెక్కపెట్టమంటే, వకీలమ్మ అందులో దాన్నొకటిగా చెప్పేది.

సోమవారం పొద్దున్నే ముగిసిన కేసుల కట్టల్లోంచి దాన్ని తీయమని గుమస్తాకి చెప్పింది. ఆయన నిచ్చెన వేసుకుని అటకెక్కి, తుమ్ముకుంటూ దించాడు. పదకొండేళ్ల దుమ్ము. తాడు విప్పితే దావా నకలు, వాంగ్మూలాలు, రాజీ కాగితం; అడుగున పచ్చ కాగితాల మీద పెన్సిల్‌తో ఆవిడ స్వయంగా రాసుకున్న నోట్సు. మొదటి సమావేశం, తేదీ, క్లయింటు చెప్పినది చెప్పినట్టు. మూడో పేజీ మధ్యలో ఉంది.

అమ్మ పోయిన రోజు నేను ఏడవలేదు. తాళాలెక్కడున్నాయా అని వెతికాను.

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. కింద ఆవిడే గీసిన అడ్డగీత. దాని పక్కన, 'దావాకి అవసరం లేదు, ఎక్కడా ఎత్తవద్దు' అని తన చేతిరాతే.

వకీలమ్మ ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివింది. మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చి చదివింది. తర్వాత కుర్చీ ఉందన్న సంగతే మర్చిపోయినట్టు నేల మీద చతికిలబడింది. గుమస్తా కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు. గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. దొంగ దొరికితే అరవొచ్చు. తన చెయ్యే తన జేబు కొట్టేసినట్టుంది ఆవిడకి. అదీ తన జేబు కాదు, నమ్మి దాచుకోమని ఇచ్చినవాళ్ల జేబు. ముందుగదిలో చెప్పింది గడప దాటదని, ముప్ఫై ఏళ్లుగా కూర్చున్న ప్రతి మనిషికీ ఆవిడే మాటిస్తూ వచ్చింది.

ఆ మధ్యాహ్నమే నాటకం ఆపించేసింది. డైరెక్టరు ఆవిడకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. ఇంకా ఆరు ఆటలకి హాలు మాట్లాడేశామని, పేరు లేదు, ఊరు లేదు, ఎవరికి తెలుస్తుందని మొత్తుకున్నాడు. ఆ ఒక్క వాక్యం తీసేసి ఆడదామన్నాడు. అది తీసేస్తే రెండో అంకం కుప్పకూలుతుందని ఇద్దరికీ తెలుసు. చివరికి అతను కూడా దెబ్బ తిన్నవాడిలా అడిగాడు: "రాసేవాళ్లందరూ చేసేది ఇదే కదా అక్కా. నలుగురి మాటలూ వినే కదా రాస్తారు?"

"వాళ్లు వీధిలో వింటారు. నాకు తలుపు వేసుకుని చెప్పారు" అంది వకీలమ్మ.

మంగళవారం కోర్టుకి సెలవు పెట్టి టైలరు కొట్టుకి వెళ్లింది. ఫోన్లో చెప్పే సంగతి కాదు. కొట్టు చిన్నది, కిటికీకి ఆనించి మిషను, గోడకి కొలతల కాగితాలు, కత్తిరించిన ముక్కలు కాళ్ల కింద. టైలరు ఒక కోటుకి లోపలి గుడ్డ వేస్తోంది. వకీలమ్మని చూసి లేచి, స్టూలు మీది బట్టలు తీసి కూర్చోమంది. ఆ మర్యాదే వకీలమ్మకి ముల్లులా గుచ్చుకుంది. దారి పొడుగునా వల్లించుకొచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి. "మీరు నాకు చెప్పిన మాట నేను నాటకంలో రాశాను. నాకు తెలీకుండానే రాశాను. అయినా రాసింది నేనే" అని మాత్రం అనగలిగింది.

టైలరు తలూపింది. అక్క ఆదివారం నాడే వచ్చి అడిగి వెళ్లిందట. గోడకవతల రెండ్రోజులుగా చప్పుడు లేదట.

తిడుతుందని, ఏడుస్తుందని వకీలమ్మ ఎదురుచూసింది. రెండింటికీ సిద్ధపడే వచ్చింది. టైలరు సూదిని కోటు అంచున గుచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ నాటకం నేనూ చూశాను మేడం. మొదటి వారంలోనే. మీరు రాశారని తెలిసి టికెట్టు కొనుక్కుని వెళ్లాను."

వకీలమ్మ నిర్ఘాంతపోయింది.

"ఆ మాట వచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అయ్యో ఈ పిల్ల, ఎంత భయపడి ఉంటే అలా వెతుక్కుంటుంది అనుకున్నాను. నా మాటని నేనే గుర్తుపట్టలేదు. మీకు చెప్పేశాక దాన్ని మర్చిపోయాను మేడం. నిజంగా మర్చిపోయాను. నా మీద ఎప్పుడూ పడని జాలి, ఆ పిల్ల మీద పడ్డాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. అది నువ్వే కదే అని అక్క వచ్చి చెప్పేదాకా."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొడుతూ పోయారు. తర్వాత టైలరే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తాళాలు దిండు కింద దొరికాయి. ఇల్లు అక్కదైపోతే మిషను తీసుకుని ఎటు పోవాలో తెలీక, ఇంటి కాగితాలు తీసి దాచింది. మర్నాడు పొద్దున్నే భయమేసి మళ్లీ బీరువాలో పెట్టేసింది. ఎవరికీ నష్టం జరగలేదు. కానీ పక్కగదిలో అక్క అమ్మ ఒళ్లు తుడుస్తుంటే తాను చేసిన పని అది.

ఏం చేయమంటారో చెప్పండి, చేస్తానంది వకీలమ్మ. కావాలంటే అక్కగారి దగ్గరికి తానే వెళ్లి మాట్లాడతానంది.

"వద్దు. మా మధ్యలోకి మీరింక రాకండి." ఆ మాటలో కోపం లేదు. కొలత తీసి చెప్పినట్టు చెప్పింది. "ఆ మాట మాత్రం నాకు తిరిగిచ్చేయండి. ఇంకెవరి నోటా పలికించకండి."

వకీలమ్మ నోట్సు పేజీని సంచిలోంచి తీసి ఇచ్చింది. టైలరు దాన్ని చదవకుండానే మడిచి మిషను సొరుగులో పడేసి, కోటు అందుకుంది.

ఆ వారమే వకీళ్ల సంఘం క్రమశిక్షణ కమిటీకి ఆవిడ తన మీద తానే ఫిర్యాదు రాసుకుంది. కమిటీలో కూర్చున్నవాళ్లు ఆవిడని ఎప్పటినుంచో ఎరిగినవాళ్లే. ఒక పెద్దాయనైతే ఫిర్యాదుదారు, ప్రతివాది పేర్లు రెండూ ఒకటే ఉండటం చూసి అచ్చుతప్పనుకుని కాగితం వెనక్కి పంపించాడు. విచారణ రోజున ఆయనే, క్లయింటు ఫిర్యాదు చేయలేదు, పేరు బయటికి రాలేదు, నిప్పు లేని చోట పొగ పెట్టుకుంటారెందుకమ్మా అని అడిగాడు. నిప్పు ఉందని, ఒక ఇంట్లో అంటుకుందని ఆవిడ చెప్పింది. నాలుగు నెలలు ప్రాక్టీసు చేయకూడదని తీర్పు వచ్చింది. ఆవిడ తల వంచి సంతకం పెట్టింది. వేళ్లకి రంగు లేదు. ఆ నెలంతా బ్రష్షు ముట్టుకోలేదు.

ఆ నాలుగు నెలల్లో ఆవిడ చేసిన మొదటి పని తన నాలుగు నాటకాల్నీ పాత నోట్సులన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎర్ర పెన్సిల్‌తో కూర్చోవడం. మాస్టారు వద్దన్నాడు. పుండుని గోకకు, మానదు అన్నాడు. ఆవిడ వినలేదు. మొదటి నాటకంలో ముసలాయన తన కుర్చీని కొడుకుకి ఇవ్వనని మొండికేసే మాట ఒక కాంట్రాక్టరుది. మూడో నాటకంలో భార్య నవ్వుతూ చెప్పే అబద్ధం, ఒక నర్సు ఏడుస్తూ చెప్పిన నిజం. పదిహేడు దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా మొదటిసారి దొరికినట్టే ఒళ్లు జల్లుమనేది. ఏ మాటలు రాసిన రోజున ఇది నాది అని ఎగిరి గంతేసిందో, సరిగ్గా అవే తనవి కావు. చప్పగా ఉన్నాయని తాను సిగ్గుపడ్డ వాక్యాలే తన సొంతం. అది తెలిసిన రోజు భోజనం దగ్గర మాస్టారితో చెప్పింది. ఆయన ఆవిడ కంచంలో ఇంకాస్త కూర వడ్డించాడు.

నాటకాల ప్రతులు నాలుగూ డైరెక్టరు దగ్గరనుంచి వెనక్కి తెప్పించి సందుకలో పెట్టేసింది. ఇక మిగిలింది రంగులే అనుకుని, రెండో నెలలో మళ్లీ మేడ మీదికి వెళ్లింది. రంగుకి నోరు లేదు, ఎవరి గుట్టూ చెప్పదు అని ధైర్యం. గోధుమరంగులో పెద్ద పలక ఒకటి సగం పూర్తయ్యాక, గుమస్తా టపా ఇవ్వడానికి పైకొచ్చాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన ఆ గది గడప తొక్కడం అదే మొదలు. కవర్లు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని, బొమ్మకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇది ఏ కేసమ్మా?"

ఏ కేసూ కాదంది వకీలమ్మ.

"నాటకం గురించి కూడా అలాగే అన్నారు కదమ్మా" అన్నాడాయన, ఎత్తిపొడుపు లేకుండా, తారీఖు గుర్తుచేసినట్టు.

ఆవిడ బ్రష్షు పక్కన పెట్టేసింది. ఆయన వెళ్లాక ఆవిడ గోడవైపు తిప్పి పెట్టిన పాత బొమ్మలన్నీ తీసి, వెనక వేసుకున్న తారీఖులు చూసింది. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. పసిపిల్లాడిని తల్లి దగ్గరనుంచి తండ్రికి ఇప్పించిన వారం వేసింది ఒకటుంది. నల్లటి అంచులో చిక్కుకున్న చిన్న పసుపు. గెలిచిన కేసు అది. ఆ బొమ్మని ఎవరో మెచ్చుకుని వాళ్ల భోజనాల గదిలో పెట్టుకుంటామంటే, ఎందుకో ఇవ్వలేదు. ఇప్పుడు ఎందుకో తెలిసింది. చాలాసేపు దాని ముందు కూర్చుంది. భయపడింది గానీ, నాటకాల్ని చూసినట్టు సిగ్గుపడలేదు. ఆ పసుపుని చూస్తే ఆ తల్లి కూడా ఇది నాదే అని గుర్తుపట్టదు. అక్కడ ఉన్నది తాను మోసిన బరువే, తాను ఎత్తుకొచ్చిన మాట కాదు. ఆ తేడా పట్టుకుని ఆవిడ మళ్లీ బ్రష్షు ముంచింది.

అక్కాచెల్లెళ్ల సంగతి ఆవిడకి అయిదో నెలలో తెలిసింది. అప్పటికి మళ్లీ కోర్టుకి వెళ్తోంది. తన నల్ల కోటు మోచేతి దగ్గర చిరిగితే, మాస్టారు ఆవిడకి చెప్పకుండా ఆ టైలరు దగ్గరికే పట్టుకెళ్లాడు. టైలరు కుట్టి ఇస్తూ చెప్పిందట. ఇద్దరి ఇళ్లకీ నీళ్లు ఒకే గొట్టంలో వస్తాయి. అది పగిలితే అక్క తప్పక తలుపు కొట్టింది. గొట్టం పని అయ్యాక గుమ్మంలోనే నిలబడి, "నాకు తెలిస్తే తెలిసింది గానీ, నీ నోటితో వినాల్సింది నాటకంలో విన్నానే" అని కళ్లు తుడుచుకుందట. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. మునుపటిలా కాదు, అక్క వస్తే కూర్చోదు, పని చెప్పి వెళ్తుంది. కానీ వస్తోంది. కోటు కుట్టు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. వకీలమ్మ దాన్ని తొడుక్కోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు ముందుగదిలో కొత్తగా ఎవరు కూర్చున్నా, నోట్సు కాగితం తీయకముందే ఆవిడ ఒక మాట చెబుతుంది: నేను నాటకాలు రాసేదాన్ని, ఒకసారి ఒకరి మాట నా నాటకంలోకి వెళ్లిపోయింది, దానికి శిక్ష పడింది, ఇది తెలిసి చెప్పండి. విన్నవాళ్లు కొందరు బిత్తరపోయి లేచి వెళ్లిపోతారు. మూడు పడవలు చాలక ఇప్పుడు ఉన్నదానికి కూడా చిల్లు పెట్టుకుంటున్నారని గుమస్తా గోల. మొన్న గడియారాలు బాగుచేసే ఒకాయన వచ్చాడు, తమ్ముడితో కొట్టు తగాదా. ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విని, గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు.

"రాస్తే రాయండి గానీ మేడం, మా తమ్ముణ్ణి మంచివాడిగా మాత్రం రాయకండి."

రాయనని, మంచిగానూ రాయను, చెడ్డగానూ రాయనని వకీలమ్మ మాటిచ్చింది. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, చెప్పండి అని కూర్చుంది.